గృహసీమ: ఓడలో రాని కూర



ఈ పర్యాయం గృహసీమలో ఒక చిన్న విషయాన్ని ప్రస్తావించదలచాము. ఒక మొక్కల కుండీలో ఇమిడిపోయేటంత చిన్న విషయమే. అయితే దాని మూలంగా మేము నేర్చిన పాఠం మాత్రం అంత చిన్నది కాదు.

ప్రోతరాపూర్‌లోని మా క్వార్టరులో ఒకనాటి సాయంకాలం మా పాప బొమ్మల పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నది. దానికి ఇంకా ఐదేళ్ళు నిండలేదు. పుస్తకంలో టమాట, వంకాయ, బెండకాయ బొమ్మలున్నాయి. "ఇవన్నీ ఎక్కడి నుండి వస్తాయమ్మా?" అని అడిగాము. "ఓడలోంచి" అని తడుముకోకుండా బదులు చెప్పింది.

మేము నవ్వాము. తరువాత ఆలోచించగా అది నవ్వవలసిన మాట కాదనిపించింది. పాప తాను చూచినదే చెప్పింది. చెన్నపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, ఓడలో రెండున్నర మూడు రోజుల ప్రయాణంలో ఉన్నాము మనం. ఇక్కడి రైతులు పండించే కూరగాయలు కొన్ని ఉన్నా, ఉల్లిపాయలకు, బంగాళాదుంపలకు ఓడే దిక్కు. సముద్రంలో వాయుగుండం పడి ఓడ ఆలస్యమైతే బజారులో ధరలు పెరుగుతాయి. "ఓడ వచ్చిందా?" అన్న ప్రశ్న వింటూనే మన పిల్లలు పెరుగుతున్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో ప్రతి నూరుమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో ఎందరో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చినవారు, వారి సంతతివారు. మా తాతగారు కూడా అటువంటి సేద్యపు కుటుంబంలో పుట్టినవారే. మూడు తరాలు గడిచేసరికి కూరగాయ అనగానే పిల్లకు మట్టి కాక ఓడ గుర్తుకు వచ్చిందంటే, లోపం పిల్లది కాదు. అందుచేత పాప చేత ఒక కూరమొక్కను పెంచించాలని సంకల్పించాము.

తొలి ప్రయత్నం

ఉత్సాహం ఎక్కువ, ఆలోచన తక్కువ అయినప్పుడు జరిగేదే మాకూ జరిగింది. జూన్ నెలలో, వానలు జోరుగా కురుస్తున్న రోజులలో, ఒకేసారి ఆరు కుండీలు తెచ్చాము. టమాట, వంగ, మిరప నారు కొని తెచ్చి నాటాము. కొత్తిమీర చల్లాము. ఒక వంగమొక్కను పాపకు చూపి "ఇది నీది" అన్నాము. నిజానికి మట్టి కలిపినదీ, నారు నాటినదీ మేమే. పాప చేసినది ప్రక్కన నిలబడి చూడటం, రోజూ చిన్న లోటాతో నీళ్ళు పోయడం మాత్రమే.

పదిహేను రోజులలోనే కొత్తిమీర వానదెబ్బకు కుళ్ళిపోయింది. ఆ తరువాత ఒక సాయంకాలం పాప నిద్రపోయిన పిమ్మట చూస్తే, దాని వంగమొక్క ఆకులు పచ్చగా ఉండగానే తలలు వేలవేసి ఉన్నాయి. మరునాడు అది లేచి నిలిచే అవకాశం కనిపించలేదు.

ఇక్కడ మేము చేసిన పనిని దాచక చెప్పుకొంటున్నాము. పాప ఏడుస్తుందన్న భయంతో ఆ మొక్కను పెరికి చెత్తకుప్పలో వేసి, మిగిలిన నారులో అదే ఎత్తున ఉన్న మరొక మొక్కను ఆ కుండీలో నాటాము. రాత్రి తొమ్మిది గంటల వేళ, టార్చిలైటు వెలుగులో, దొంగతనం చేస్తున్నట్లే చేశాము.

తెల్లవారి పాప లోటాతో వచ్చి కుండీ ముందు చాలాసేపు నిలబడింది. "నాన్నా, ఇది నా మొక్క కాదు. నా మొక్కకు కింది ఆకులో చిల్లు ఉంది" అన్నది. "అదేనమ్మా, ఆకు రాలిపోయి ఉంటుంది" అన్నాము. పాప మరేమీ అనలేదు. నీళ్ళు మాత్రం పోయలేదు. ఆ రోజే కాదు, మరి నాలుగు రోజులు ఆ కుండీ వైపు రాలేదు.

ఐదవ రోజున మా శ్రీమతి ఇక ఊరుకోలేక పాపను దగ్గర కూర్చోబెట్టుకొని ఉన్నది ఉన్నట్లు చెప్పింది. పాప ఏడవలేదు. "నేను ఆదివారం నీళ్ళు పోయలేదని చచ్చిపోయిందా?" అని అడిగింది.

మేము నిర్విణ్ణులమయ్యాము. ఏదో ఒక ఆదివారం నీళ్ళు పోయడం మరచిన సంగతి మాకు గుర్తే లేదు. పాప మాత్రం తన మొక్క మాయం కావడానికి తన మరపే కారణమనుకొని, ఎవరితోనూ చెప్పుకొనలేక, ఆ భారాన్ని ఐదు రోజులు మోసింది. దుఃఖం కలుగకూడదని మేము ఆడిన అబద్ధం, ఆ చిన్న మనస్సుకు దుఃఖం కంటె బరువైన అపరాధభావాన్ని అంటగట్టింది.

నిజం చూపించిన గ్లాసు

ఆ సాయంకాలమే వాడుముఖం పట్టిన మరొక వంగమొక్కను పాప ఎదుటనే పెరికాము. కాండాన్ని వేరుకు కొంచెం పైగా కోసి, ఆ ముక్కను గాజుగ్లాసులోని తేటనీటిలో కదలకుండా వ్రేలాడగట్టాము. కొద్ది నిమిషాలలో కోసినచోటి నుండి పాలదారం వంటి తెల్లని పొగ నీటిలోనికి దిగసాగింది. మట్టిలో ఉండే ఒక రకం బాక్టీరియా వేరు ద్వారా కాండంలో ప్రవేశించి, నీరు పైకి ప్రాకే నాళాలను పూడ్చివేయడం వలన వచ్చే ఎండు తెగులు అది. వంగ, టమాట, మిరప మొక్కలకు ఈ దీవులలో ఇది పెద్ద శత్రువు. ఆ తెల్లని దారమే దాని గుర్తు.

"చూడమ్మా, మట్టిలోని జబ్బు మొక్క గొంతుకు అడ్డుపడింది. నీవు నీళ్ళు పోసినా పైకి ఎక్కవు. నీ తప్పేమీ లేదు" అన్నాము. పాప గ్లాసును చాలాసేపు చూచి, "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నది. దానికి మా వద్ద సమాధానం లేకపోయింది.

సుప్రసిద్ధ విద్యావేత్త డాక్టర్ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి, యుద్ధకారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. విత్తనం నాటిన నాటికీ ఫలం చేతికందే నాటికీ నడుమ ఉండే నిరీక్షణ పిల్లలకు ఓర్పును, రేపటి మీద నమ్మకాన్ని అలవరుస్తుందని ఆమె తమ రచనలలో ప్రతిపాదించారు. రాత్రికి రాత్రి మొక్కను మార్చివేసి మేము పాడుచేసినది ఆ నమ్మకాన్నే. మొక్క పిల్లది అని మనం నిజంగా అనుకుంటే, దాని లాభమూ నష్టమూ రెండూ పిల్లవే కావాలి.

రెండవ ప్రయత్నం

డిసెంబరు నెలాఖరుకు వానలు తగ్గాయి. ఈసారి పాపకు ఒక కుండీ, దానికి తోడు ఒక పాత రంగుల బకెట్టు, అంతే. ఈ పనికి పూనుకొనదలచిన తల్లిదండ్రుల సౌకర్యార్థం మేము అనుసరించిన పద్ధతిని వివరిస్తున్నాము.

పాత్ర: ఆకుకూరలకు ఆరంగుళాల లోతు చాలును. బెండ, వంగ వంటి వాటికి అడుగు లోతు అవసరం. ప్లాస్టిక్ బకెట్లు, నూనె డబ్బాలు, చేపలు రవాణా చేసే థర్మోకోల్ పెట్టెలు, ఏవైనా పనికివస్తాయి. అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పనిసరి. ఆ పని పెద్దలే చేయాలి. పురుగుమందులు, రసాయనాలు ఉంచిన డబ్బాలను ఎంత కడిగినా కూరమొక్కలకు వాడరాదు. కార్యాలయంలో మూలపడి ఉన్న డ్రమ్ముల మీద మన సోదరులలో కొందరికి కన్ను ఉండవచ్చును. వాటిలో లోగడ ఏమి పోశారో తెలియదు గనుక, స్టోర్సు విభాగం వారు అభ్యంతరం చెప్పకపోయినా మేము అభ్యంతరం చెబుతున్నాము.

మట్టి: రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపీచు పొట్టు కలపాలి. కొబ్బరిపొట్టును ముందుగా రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, అందులోని ఉప్పును వదలగొట్టాలి. ఇచ్చటి నేలలు సాధారణంగా పులుపు గుణం కలవి కాబట్టి కుండీకి ఒక గుప్పెడు కట్టెబూడిద కలిపితే మంచిది. సముద్రపు ఒడ్డు ఇసుకను ముట్టరాదు. అందులోని ఉప్పు వేళ్ళకు హాని చేస్తుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఉప్పెన తరువాత పొలాలలో ఉప్పు నిలిచి పైరులు పోయిన సంగతి ఈ దీవులవారు మరువలేదు. తెగులు సోకిన పాత మట్టిలో మళ్ళీ వంగ, టమాట, మిరప వేయరాదు.

మట్టి కలిపే పనిని పూర్తిగా పాపకే విడిచిపెట్టాము. ఒక పాత గరిటె ఇచ్చి, పాత గౌను తొడిగి, పెరటిలో కూర్చోబెట్టాము. మేము ఐదు నిమిషాలలో ముగించే పనికి పాప గంటన్నర తీసుకున్నది. ఆ గంటన్నర సేపు చేతులు కట్టుకొని కూర్చోవడమే తండ్రిగా మేము చేసిన కష్టమైన పని.

విత్తనం: పిల్లల కోసం ఒకటి త్వరగా వచ్చేది, ఒకటి నిదానంగా వచ్చేది ఎంచుకోవాలి. త్వరితమైన దానికి తోటకూరను మించినది లేదు. నాలుగైదు రోజులలో మొలకెత్తి, నెల తిరిగేసరికి కూరకు వస్తుంది. గింజలు ఆవగింజలకంటె చిన్నవి కాబట్టి పొడిమట్టితో కలిపి చల్లితే ఒకే చోట కుప్పపడవు. నిదానమైన దానికి బెండ. రాత్రంతా నానబెట్టిన గింజలు మూడింటిని అరంగుళం లోతున నాటి, మొలిచిన వాటిలో బలమైన దానిని మాత్రమే ఉంచాలి. నెలన్నర లోపుననే పసుపుపచ్చని పువ్వు పూస్తుంది. పువ్వు విచ్చిన ఐదారు రోజులకు కాయ కోతకు వస్తుంది. గింజ పెద్దది గనుక చిన్న వ్రేళ్ళకు చక్కగా పట్టుబడుతుంది.

వానకాలంలో మొదలుపెట్టేవారికి బచ్చలి శ్రేష్ఠం. ప్రక్క క్వార్టరులోని బెంగాలీ సోదరీమణిని అడిగి జానెడు తీగముక్క తెచ్చి గుచ్చితే నాటుకొంటుంది. వారు దానిని పుఁయి అంటారు. కొత్తిమీర నిలవని వానలలో, పొడవాటి రంపపు అంచు ఆకుల బర్మా ధనియా నీడపట్టున సైతం పెరిగి, చారుకు వాసన తెస్తుంది. వంగ, టమాట మీద మనస్సు పడినవారు తెగులును తట్టుకొనే రకాలు అడిగి తెచ్చుకోవాలి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ టమాట అటువంటిది. మనకు చేరువలో గారాచర్మలో 1978లో నెలకొన్న కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ దీవుల వాతావరణానికి తగిన కూరగాయల రకాల మీదనే కృషి చేస్తున్నది.

నీరు: మన దీవులలో పెందలకడ తెల్లవారుతుంది, పెందలకడ చీకటి పడుతుంది. డ్యూటీ నుండి వచ్చి నీళ్ళు పోద్దామంటే వెలుగు ఉండదు. కాబట్టి ఉదయమే మంచిది. పాప తన చూపుడువ్రేలిని మొదటి కణుపు వరకు మట్టిలో దించి చూస్తుంది. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు లేవు. పొడిగా ఉంటే ఒక లోటా. ఈ నియమం పెట్టిన తరువాత నీటిలో మునిగి చచ్చే మొక్కలు తగ్గాయి. జనవరి నుండి ఏప్రిల్ వరకు కుళాయి నీటికి ఇబ్బంది కాబట్టి బియ్యం, పప్పు కడిగిన నీటిని బిందెలో పట్టి వాడుకున్నాము. సబ్బు నీరు, ఉప్పు కలిసిన నీరు పనికిరావు. కుండీ క్రింది పళ్ళెంలో నీరు నిలువ ఉంటే దోమలు పెరుగుతాయి గనుక వారానికి ఒకసారి తప్పక పారబోసి, తుడిచి పెట్టాలి.

లెక్క: మన సంస్థ వారు పంచిన గోడ క్యాలెండరును పాపకు అందేటంత క్రిందికి దించి తగిలించాము. రోజూ ఒక గీత. మొలక వచ్చిన నాడు ఒక ఆకు బొమ్మ. వ్రాయడం రాని పిల్లకు అదే దినచర్య గ్రంథం.

నత్తతో జాగ్రత్త

పదహారవ గీత గీయవలసిన ఉదయాన పాప కుండీ వద్ద నుండి కేక వేసింది. ముందురాత్రి అకాల వాన కురిసింది. తోటకూరలో సగానికి పైగా మొదలంటా మాయం. కుండీ అంచు మీద వెండిజరీ వంటి జిగురుచార. పెద్ద నత్త వచ్చిపోయింది.

ఈ నత్తల స్వస్థలం ఆఫ్రికా. 1942 నుండి 1945 వరకు జపాను సేనలు ఈ దీవులను ఆక్రమించిన కాలంలో ఇవి ఇచ్చటికి చేరాయని చెబుతారు. సేనలు వెళ్ళిపోయాయి, నత్తలు మిగిలాయి. పిల్లలకు వాటి గవ్వలు ముచ్చటగా కనిపిస్తాయి. కాని వట్టి చేతులతో ముట్టనీయరాదు. ఎలుకల నుండి నత్తలకు చేరే ఒక సూక్ష్మమైన పురుగు మనుషులకు సోకితే మెదడు పొరల వాపు రావచ్చును. పెద్దలు తొడుగులు వేసుకొని లేదా పట్టకారుతో ఏరి, చిక్కని ఉప్పునీటి డబ్బాలో వేయాలి. ఉప్పును కుండీ మట్టిపై చల్లరాదు. కుండీని పీట మీదనో స్టూలు మీదనో ఎత్తులో ఉంచితే కొంత రక్షణ. కోసిన ఆకుకూరను ఆకు ఆకుగా విడదీసి కడిగి, బాగా ఉడికించే తినాలి. పని ముగిసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుగుకోవడం అలవాటు చేయాలి.

ఆ ఉదయం పాప బాగా ఏడ్చింది. కొత్త నారు తెచ్చి పూడ్చుదామా అన్న ఆలోచన మాకు మళ్ళీ కలిగిందని ఒప్పుకొంటున్నాము. ఈసారి చేతులు కట్టుకొని ప్రక్కన కూర్చున్నాము. ఏడుపు తీరిన పిమ్మట పాప ముక్కు తుడుచుకొని మిగిలిన మొక్కలను లెక్కపెట్టింది. పదకొండు. "స్టూలు తేవా నాన్నా" అన్నది. తెచ్చాము. క్యాలెండరులో పదహారవ గీత ప్రక్కన ఒక నత్త బొమ్మ ఇప్పటికీ ఉన్నది.

పిడికెడు కూర

ముప్పయ్యవ గీత నాటికి ఆ పదకొండు మొక్కలు జానెడు ఎత్తు పెరిగాయి. ఆ వారంలోనే ఓడ రాక ఆలస్యమై బజారులో గంపలు వెలవెలబోయి ఉన్నాయి. మా శ్రీమతి అడిగితే, పాప చాలా ఆలోచించి, వేళ్ళతో పెరకకుండా, పైన కోయడానికి ఒప్పుకున్నది. మళ్ళీ చిగురిస్తుందని చెప్పిన మీదటనే ఒప్పుకున్నది. కోసినది పిడికెడు. పప్పులో వేస్తే వెతుక్కోవలసినంత. అయినా ఆ రోజు వడ్డన పాపదే. ఒక్కొక్కరి కంచంలో గరిటెడు పప్పు వేసి, ఆకు కనిపించిందా లేదా అని వంగి చూచి, కనిపించకపోతే మరికొంత వేసింది. అంతకుముందు ఆకుకూరను కంచం అంచుకు నెట్టే పిల్ల, ఆనాడు తన కంచంలో ఒక్క ఆకు మిగల్చలేదు.

భోజనమైన తరువాత శ్రీకాకుళంలోని నాయనమ్మకు ఫోను చేసింది. "నాయనమ్మా, నా కూర ఓడలో రాలేదు. నత్త కొంచెం తిన్నది. మిగిలింది మేము తిన్నాము" అని చెప్పింది. నాయనమ్మ ఏమన్నదో మాకు వినబడలేదు. పాప మాత్రం చాలాసేపు "ఊఁ" కొడుతూ వింటూ ఉన్నది.

పాఠక మిత్రులారా, ఒక కుండీతో సంసారానికి కూర సరిపోదు, ఓడ అక్కర తీరదు. అట్టి భ్రమ మాకు లేదు. మా విన్నపం ఒక్కటే. మీ ఇంటి చిన్నారికి ఒక కుండీని ఇవ్వండి. ఆరు వద్దు, ఒక్కటి చాలు. ఇచ్చిన తరువాత నిజంగా ఇచ్చివేయండి. మొలిస్తే వారి మొలక. నత్త తింటే వారి దుఃఖం. మన వంతు ప్రక్కన కూర్చోవడం, అడిగినదానికి ఉన్నది ఉన్నట్లు చెప్పడం, అడిగినప్పుడు స్టూలు తెచ్చిపెట్టడం.

మీ ఇండ్లలో చిన్నారులు పెంచిన మొక్కల ముచ్చట్లను, నష్టపోయిన ముచ్చట్లతో సహా, మాకు వ్రాసి పంపగలరని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాము. బెండమొక్క మొన్ననే పూసింది. క్యాలెండరులో పాప పసుపుపచ్చ రంగు వేస్తున్నది.